వారానికి 24 గంటలు: స్టార్టప్ నడుపుతూ పీజీ చదవాలంటే

బీటెక్ అయిపోగానే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకోవడం ఇప్పుడు మనకు వింత కాదు. 2015లో హైదరాబాద్‌లో టీ-హబ్ మొదలయ్యాక ఆ దారి మరింత నలిగింది. అలా కంపెనీ పెట్టి నాలుగైదేళ్లు నిలదొక్కుకున్నవాళ్లకు ఒక దశలో చదువు మీదికి మనసు పోతుంది. క్లయింటు అడిగే పని తమకు తెలిసిన దాన్ని దాటిపోతుంది. మెషీన్ లెర్నింగ్‌ను పైపైన వాడటం వచ్చినా, అది ఎందుకు తప్పుతోందో చెప్పడానికి కావలసిన గణితం చేతిలో ఉండదు. ఎంటెక్ చేద్దామా, ఎంబీఏ చేద్దామా, పీహెచ్‌డీకే వెళ్దామా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. వెంటనే రెండో ప్రశ్న: కంపెనీ ఎవరు చూస్తారు?

కంపెనీ నడుపుతూ పీజీ చదవడం కుదురుతుంది. అయితే సగం వేగంతో చదివితేనే, కాగితాలు ముందే సరిచూసుకుంటేనే కుదురుతుంది. అలా ఎందుకో తెలియాలంటే మూడు లెక్కలు వేయాలి. మొదటిది గంటల లెక్క, రెండోది డబ్బు లెక్క, మూడోది హక్కుల లెక్క. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అసలు ఇబ్బంది మిగతా రెండింటిలో ఉంది.

పీజీ అంటే ఎన్ని గంటల పని?

కాలేజీలు చదువును క్రెడిట్లలో కొలుస్తాయి. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టే 30 గంటల శ్రమ. క్లాసులో కూర్చున్న సమయం, ల్యాబ్‌లో గడిపింది, ఇంట్లో చదివింది, అసైన్‌మెంటు రాసింది, పరీక్షకు తయారైంది, అన్నీ ఇందులోకే వస్తాయి. ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1,200 గంటలు. రెండేళ్ల పీజీకి 80 క్రెడిట్లు, అంటే 2,400 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున చూస్తే ఇవి 300 పనిదినాలు. ఆదివారాలు, పండగలు తీసేస్తే సరిగ్గా ఒక ఏడాది పూర్తికాలపు ఉద్యోగమన్నమాట.

ఐఐటీలు, కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలు క్రెడిట్‌ను తమ సొంత పద్ధతిలో లెక్కిస్తాయి. అక్కడి 60 క్రెడిట్లు, ఇక్కడి 80 క్రెడిట్లు పక్కపక్కన పెట్టి ఏది తక్కువో తేల్చలేం. అందుకే ఏ కోర్సు గురించి అడిగినా 'ఎన్ని క్రెడిట్లు' అని ఆగకుండా, 'ఒక్కో సబ్జెక్టుకు వారానికి ఎన్ని గంటలు పడుతుంది' అని అడగండి. అది కూడా కోర్సు నడిపేవాళ్లను కాకుండా, అదే కోర్సు ఉద్యోగం చేస్తూ పూర్తిచేసినవాళ్లను అడగండి.

మీ వారంలో ఆ గంటలు ఉన్నాయా?

వారానికి 168 గంటలు. రోజుకు 7 గంటల నిద్ర తీసేస్తే 119 మిగులుతాయి. స్నానం, భోజనం, ప్రయాణం, ఇంటి సరుకులు కలిపి రోజుకు 3 గంటలు వేసుకుంటే 98. చిన్న కంపెనీ నడిపేవాళ్లకు వారానికి 60 గంటల పని మామూలే. అది తీస్తే 38. ఇంట్లోవాళ్లతో రోజుకు 2 గంటలైనా గడపాలి కదా. చివరికి మిగిలేవి 24 గంటలు.

ఇప్పుడు 2,400 గంటల్ని రెండేళ్లకు, అంటే 104 వారాలకు పంచండి. వారానికి 23 గంటలు వస్తాయి. మన దగ్గర 24 ఉన్నాయి కాబట్టి సరిపోయినట్టే కనిపిస్తుంది. ఎక్కువమంది ఫౌండర్లు ఈ లెక్క చూసుకునే చేరిపోతారు. జ్వరం వచ్చినా, సర్వరు పడిపోయినా, ఊళ్లో పెళ్లి ఉన్నా ఆ వారం మిగిలేది ఒక్క గంటేనన్న సంగతి అప్పుడు తట్టదు.

పైగా ఈ సగటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. చదువు ఏడాది పొడవునా సమానంగా పరుచుకుని ఉండదు. ఒక సెమిస్టరుకు 20 క్రెడిట్లు, అంటే 600 గంటలు. పాఠాలు జరిగేది దాదాపు 15 వారాలు. పరీక్షలు, వాటి ముందు సెలవులు కలిపి 20 వారాలనుకున్నా వారానికి 30 గంటలు పడతాయి. మనకు మిగిలేది 24. ఆ తేడా 6 గంటలు నిద్రలోంచి గానీ, ఇంట్లోవాళ్ల సమయంలోంచి గానీ, కంపెనీలోంచి గానీ పోవాల్సిందే. ఒక నెలయితే ఓర్చుకోవచ్చు. నాలుగు సెమిస్టర్ల పాటు అలాగే లాగితే ఆరోగ్యమో, కాపురమో, కంపెనీయో ఏదో ఒకటి దెబ్బతింటుంది.

పరీక్షలు, పన్నుల తేదీలు ఒకేసారి వస్తే?

విజయవాడలో ఆరుగురు ఉద్యోగులతో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్న ఒకరిని ఉదాహరణగా తీసుకుందాం. నెలవారీ రిటర్నులు వేసే కంపెనీ అయితే 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి, 11వ తేదీకి జీఎస్టీఆర్-1 వేయాలి. 15న పీఎఫ్, 20న జీఎస్టీఆర్-3బీ. ఒకటో తారీఖుకు జీతాలు ఎలాగూ తప్పవు. ఇవి కాక జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీలోగా ముందస్తు పన్ను కట్టాలి. మన విశ్వవిద్యాలయాల్లో చాలావరకు మొదటి సెమిస్టరు పరీక్షలు నవంబరు, డిసెంబరులో, రెండోవి ఏప్రిల్, మేలో పడతాయి.

డిసెంబరు రెండో వారం ఎలా ఉంటుందో ఊహించండి. సోమవారం ఉదయం పరీక్ష. మధ్యాహ్నం ఆడిటరు ఫోన్ చేసి ఈ త్రైమాసికం లాభం ఎంత రావచ్చో అంకె చెప్పమంటాడు, ముందస్తు పన్ను ఎంత కట్టాలో దాన్ని బట్టే తేలుతుంది మరి. సాయంత్రం ఒక షాపు నుంచి బిల్లులు ప్రింటు కావడం లేదని ఫిర్యాదు. బుధవారం మరో పరీక్ష. ఇక ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం ముగింపు లెక్కలు తేలకముందే రెండో సెమిస్టరు పరీక్షలు తోసుకొస్తాయి. చేరకముందే కాలేజీ క్యాలెండరును, కంపెనీ క్యాలెండరును ఒకే కాగితం మీద రాసుకుంటే ఈ ఢీకొనే వారాలు ముందే కనబడతాయి. అవి ఏడాదికి నాలుగైదుకు మించవు. ఆ వారాల్లో క్లయింట్లకు కొత్త రిలీజులు ఇస్తామని మాటివ్వకుండా ఉంటే చాలు, సగం ఒత్తిడి తగ్గుతుంది.

మరి దారి ఏమిటి?

కాలాన్ని సాగదీయడమే. అవే 2,400 గంటల్ని మూడేళ్లకు పంచితే వారానికి దాదాపు 15 గంటలు, నాలుగేళ్లకు పంచితే 11న్నర. సెమిస్టరుకు 20 క్రెడిట్లకు బదులు 10 తీసుకుంటే, అదే 20 వారాల్లో వారానికి 30 గంటలు కాస్తా 15 అవుతాయి. అప్పుడు చేతిలో 9 గంటల వెసులుబాటు ఉంటుంది. వ్యాపారంలో ఎప్పుడూ ఏదో ఒక అవాంతరం వస్తూనే ఉంటుంది కాబట్టి ఈ 9 గంటల్ని సోమరితనంగా చూడకండి. కోర్సు చివరిదాకా నిలబెట్టేవి అవే.

'అలా సాగదీయడానికి ఒప్పుకుంటారా?' అంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. కోర్సు కాలానికి మరో రెండేళ్లు అదనంగా ఇవ్వవచ్చన్నది యూజీసీ మార్గదర్శకం. అంటే రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలో ముగించవచ్చు. ఇక ఉద్యోగస్తుల కోసమే రూపొందించిన కోర్సుల్లో ఈ సడలింపు ముందే ఉంటుంది. ఐఐటీ కాన్పూర్ ఈ-మాస్టర్స్ కోర్సును ఏడాది నుంచి మూడేళ్ల లోపు ఎప్పుడైనా పూర్తిచేయవచ్చు, గేట్ స్కోరు అడగరు. అమెరికాలోని జార్జియా టెక్ 2014 జనవరిలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో మొత్తం 10 సబ్జెక్టులు. సెమిస్టరుకు ఒక్కటి మాత్రమే తీసుకునే వీలుంది, ఆరేళ్ల దాకా గడువు ఉంది. కాకపోతే మొదటి ఏడాదిలో రెండు పునాది సబ్జెక్టుల్లో బీ గ్రేడు గానీ అంతకు పైన గానీ తెచ్చుకోవాలి. ఆ గడప దాటితే మిగిలింది మన వేగంతో మనం నడవవచ్చు.

మధ్యలో ఆపేయాల్సి వస్తే చదివిందంతా పోతుందా?

పోనవసరం లేదు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీరు సంపాదించిన క్రెడిట్లు మీ పేరున జమ అవుతాయి, గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతాయి. కొత్త విద్యా విధానంలో రెండేళ్ల పీజీలో ఏడాది పూర్తిచేసి బయటికి వచ్చినవాళ్లకు పీజీ డిప్లొమా ఇచ్చే ఏర్పాటు ఉంది. కంపెనీకి పెద్ద ఆర్డరు వచ్చి ఆరు నెలలు ఊపిరి సలపకపోయినా, అప్పటిదాకా పెట్టిన శ్రమ వృథా కాదు. అయితే మీరు చేరబోయే సంస్థ ఈ బ్యాంకులో చేరిందో లేదో, ఒక సెమిస్టరు విరామం తీసుకుంటే మళ్లీ ఫీజు కట్టాలో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

కేంద్రం 2019లో తెచ్చిన ఇన్నొవేషన్, స్టార్టప్ విధానం విద్యార్థులకు మరో వెసులుబాటు కల్పించింది. స్టార్టప్ పని కోసం ఒక సెమిస్టరో, ఏడాదో విరామం తీసుకుని మళ్లీ చేరవచ్చు. కంపెనీ పెట్టడంలో చేసిన పనికి క్రెడిట్లు ఇవ్వవచ్చని కూడా అందులో ఉంది. ఇది అన్ని కాలేజీలూ తప్పనిసరిగా పాటించాల్సిన చట్టం కాదు. ఒక్కో సంస్థ తనకు తగ్గట్టు అమలు చేసుకోవాల్సిన విధానం. మీ కాలేజీ దాన్ని ఏ మేరకు తీసుకుందో అడగడం మీ హక్కు.

ఖర్చు ఎంత అవుతుంది?

ఇప్పుడు డబ్బు లెక్క. పేరున్న సంస్థలో ఉద్యోగస్తుల పీజీకి 8 లక్షల ఫీజు అనుకుందాం. మొత్తం అప్పు చేసి, 11 శాతం వడ్డీతో ఐదేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెలకు దాదాపు 17,400 రూపాయల వాయిదా పడుతుంది. వడ్డీయే 2 లక్షల 44 వేలు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు చదువు అప్పు మీద కట్టే వడ్డీకి 8 ఏళ్ల దాకా మినహాయింపు ఉంది, కొత్త విధానంలో అది లేదు. జార్జియా టెక్ ఆన్‌లైన్ డిగ్రీకి మొత్తం ఖర్చు 7,000 డాలర్ల స్థాయిలో ఉంటుంది. డాలరు 90 రూపాయలనుకుంటే 6 లక్షల 30 వేలు.

ఫీజు మీద జీఎస్టీ ఉంటుందా అన్నది మరో సందేహం. చట్టం గుర్తించిన డిగ్రీకి సంబంధించిన చదువు అయితే పన్ను లేదు. ఎగ్జిక్యూటివ్ సర్టిఫికెట్ పేరుతో నడిచే కోర్సులకు 18 శాతం పడుతుంది. 8 లక్షల కోర్సుకు అది లక్షా 44 వేలు. బ్రోచరులో రాసిన అంకెలో పన్ను కలిసి ఉందా లేదా చూసుకోవాలి. కోర్సు చివర చేతికొచ్చేది డిగ్రీయా, సర్టిఫికెటా అన్నది కూడా ఈ ఒక్క ప్రశ్నతోనే బయటపడుతుంది.

ఫీజు కన్నా పెద్ద ఖర్చు మన సమయం. మీరు కంపెనీ నుంచి నెలకు లక్ష రూపాయలు తీసుకుంటూ వారానికి 60 గంటలు పనిచేస్తే, మీ గంట విలువ దాదాపు 385 రూపాయలు. దాన్ని 2,400 గంటలతో హెచ్చిస్తే 9 లక్షల 24 వేలు. ఇది 8 లక్షల ఫీజును మించిపోయింది. ఈ సొమ్ము ఏ రసీదులోనూ కనబడదు. ఆలస్యమైన రిలీజుల్లో, చేయని సేల్స్ కాల్స్‌లో, పొడిగించుకోని కాంట్రాక్టుల్లో పోతుంది.

అందుకే చేరకముందే మీ పనిలో వారానికి 10 గంటలైనా వేరొకరికి అప్పగించండి. లెక్కలు, కస్టమర్ల ఫోన్లు చూసుకోవడానికి నెలకు 20 వేలతో ఒకరిని పెట్టుకుంటే మూడేళ్లకు 7 లక్షల 20 వేలు అవుతుంది. ఫీజుతో కలిపితే 15 లక్షల 20 వేలు. నెలకు 42 వేల చొప్పున మూడేళ్లు. ఒక జూనియర్ ఇంజినీరు జీతం దాదాపు ఇంతే. కాబట్టి మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ డబ్బుతో మూడేళ్లపాటు ఒక ఇంజినీరును పెట్టుకుంటే కంపెనీకి ఎక్కువ మేలా, నేను చదివితే ఎక్కువ మేలా? మీ ఉత్పత్తి గట్టి సాంకేతిక జ్ఞానం మీద నిలబడాల్సినదైతే, ఆ జ్ఞానం ఉన్నవాళ్లను నియమించడానికైనా మీకు అది కొంత తెలిసి ఉండాలంటే, చదువు వైపు తక్కెడ మొగ్గుతుంది. విజిటింగ్ కార్డు మీద పేరు పక్కన రెండు అక్షరాల కోసమే అయితే ఇంజినీరునే పెట్టుకోండి.

ఎలాంటి కోర్సు ఎంచుకోవాలి?

వ్యాపారం నడిపేవాళ్లకు సరిపడే కోర్సుకు ఒక లక్షణం ఉంటుంది. అందులో ప్రాజెక్టు పనిని మీ పనిచోటనే చేయనిస్తారు. బిట్స్ పిలానీ 1979 నుంచి ఉద్యోగస్తుల కోసం నడుపుతున్న కోర్సులు ఇందుకు మంచి ఉదాహరణ. నాలుగు సెమిస్టర్ల ఎంటెక్‌లో చివరి సెమిస్టరు డిసర్టేషన్, అంటే సొంతంగా ఒక సమస్యను తీసుకుని పరిష్కరించి రాసే పెద్ద నివేదిక. దాన్ని విద్యార్థి తాను పనిచేసే సంస్థలోని సమస్య మీదే చేస్తాడు. అలాంటి చోట గంటలు రెండు ఖాతాల్లోనూ జమ అవుతాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఉద్యోగస్తులు డిగ్రీలో చేరకుండానే కొన్ని పీజీ సబ్జెక్టులు చదివే ఏర్పాటు ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాలనుకునేవాళ్ల కోసమే టెక్నో ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేరుతో ఎంటెక్ నడుస్తోంది.

ఆన్‌లైన్ డిగ్రీకి విలువ ఉంటుందా అని ఇంట్లో పెద్దవాళ్లు తప్పక అడుగుతారు. యూజీసీ అనుమతి ఉన్న ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమే. అయితే ఇంజినీరింగ్‌కు ఆ దారి లేదు. దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు గట్టిగా తీర్పు చెప్పింది. ఐఐటీలు తమ సొంత చట్టం కింద, బిట్స్ వంటివి ప్రత్యేక అనుమతితో నడుపుతాయి. మిగతాచోట్ల ఆన్‌లైన్‌లో ఎంబీఏ, ఎంసీఏ, డేటా సైన్స్ ఎంఎస్సీ వంటివి చేయవచ్చు. ఎవరైనా ఆన్‌లైన్ ఎంటెక్ అంటే మాత్రం యూజీసీ జాబితాలో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు రెండూ చూశాకే డబ్బు కట్టండి.

సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూనే, వారాంతాల్లో సియాటిల్ నుంచి దాదాపు 2,800 కిలోమీటర్ల దూరంలోని షికాగోకు విమానంలో వెళ్లివస్తూ 1997లో ఎంబీఏ పూర్తిచేశారు. మన హైదరాబాదీ కథ కాబట్టి చాలామంది దీన్ని ఉత్సాహంగా చెప్పుకుంటారు. కానీ అప్పుడాయన ఉద్యోగి. శనివారం ఆయన క్లాసులో ఉంటే కంపెనీ ఆగిపోదు, నెలాఖరున జీతం ఆగదు. ఫౌండరు పరిస్థితి వేరు. ఆ పట్టుదలను ఆదర్శంగా తీసుకోండి, ఆ వేగాన్ని మాత్రం మీ పరిస్థితికి తగ్గట్టు మార్చుకోండి.

పీహెచ్‌డీ చేస్తే?

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు అదనం. అంటే మొత్తం పదేళ్ల వరకు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల సెలవు కూడా ఉంది. పార్ట్‌టైమ్‌గా చేయడానికి ఈ నిబంధనలు ఒప్పుకుంటాయి, కానీ పనిచేసే సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి. మీ కంపెనీకి మీరే యజమాని అయితే ఆ పత్రం మీద ఎవరు సంతకం చేయాలి? భాగస్వామి సంతకంతో బోర్డు తీర్మానం ఇస్తే సరిపోతుందేమో విశ్వవిద్యాలయాన్ని ముందే అడగండి.

ఫుల్‌టైమ్ పీహెచ్‌డీలో చేరి ఫెలోషిప్ తీసుకుంటూ కంపెనీ నడపవచ్చా? జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఈ డబ్బు పూర్తికాలం పరిశోధనకు ఇస్తారు. మరోచోట జీతం తీసుకుంటూ దీన్నీ తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. కంపెనీలో వాటాలు ఉండటం వేరు, జీతం తీసుకునే డైరెక్టరుగా ఉండటం వేరు. ఈ తేడాను మీ విశ్వవిద్యాలయం ఎలా చూస్తుందో తెలుసుకోకుండా ఫెలోషిప్ కాగితం మీద సంతకం పెట్టకండి.

నేను రాసిన కోడు ఎవరిది?

ఇది మూడో లెక్క, అందరూ మరిచిపోయేది. గూగుల్ కథలో దీనికి జవాబు ఉంది. ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫోర్డ్‌లో పీహెచ్‌డీ విద్యార్థులుగా పేజ్‌ర్యాంక్ పద్ధతిని తయారుచేశారు. దాని పేటెంటు విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. 1998లో కంపెనీ పెట్టాక తాము కనిపెట్టినదాన్నే లైసెన్సు తీసుకుని వాడుకోవాల్సి వచ్చింది. బదులుగా స్టాన్‌ఫోర్డ్‌కు దక్కిన 18 లక్షల షేర్లను అది 2005లో 33 కోట్ల 60 లక్షల డాలర్లకు అమ్ముకుంది. ఆ ఇద్దరూ చదువుకు విరామం తీసుకుని వెళ్లి, పీహెచ్‌డీ పూర్తిచేయలేదు.

మన దేశంలో 2019 నాటి ఇన్నొవేషన్, స్టార్టప్ విధానం ఏమంటోందంటే, సంస్థ వసతులు, నిధులు గణనీయంగా వాడినా, పాఠ్యాంశంలో భాగంగా చేసినా హక్కులు ఉమ్మడిగా ఉంటాయి. అవేవీ వాడకుండా సొంతంగా చేసింది పూర్తిగా మీదే. సంస్థ సాయంతో స్టార్టప్ పెడితే 2 నుంచి 9.5 శాతం వాటా అది తీసుకోవచ్చు. మీ కంపెనీ విలువ 5 కోట్లనుకుంటే 2 శాతం అంటే 10 లక్షలు, 9.5 శాతం అంటే 47 లక్షల 50 వేలు. ఫీజుకు దాదాపు ఆరు రెట్లు. మంచి ల్యాబ్, మంచి గైడ్ దొరికితే ఆ వాటా ఇవ్వడం దండగ కాదు. ఇస్తున్నామన్న సంగతి తెలిసి ఇవ్వాలి, అంతే.

ఇక్కడో చిక్కుముడి ఉంది. ఇప్పటికే పెట్టుబడి తెచ్చుకుని ఉంటే, మీరు తయారుచేసేదంతా కంపెనీకే చెందుతుందని పెట్టుబడిదారుల ఒప్పందంలో సంతకం చేసి ఉంటారు. పూర్తి సమయం కంపెనీకే కేటాయిస్తామన్న షరతు కూడా చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ప్రాజెక్టులో పుట్టినదానిపై సంస్థకు హక్కు ఉంటుందని కాలేజీ కాగితాల మీదా సంతకం పెడితే, ఒకే వస్తువును ఇద్దరికి రాసిచ్చినట్టవుతుంది. ఆ తర్వాత పెట్టుబడి పెట్టడానికి వచ్చేవాళ్ల లాయరు మొదట పట్టుకునేది దీన్నే.

దీనికి విరుగుడు చేరకముందే చేయాల్సిన మూడు పనుల్లో ఉంది. చేరే నాటికి కంపెనీ దగ్గర ఉన్న కోడు, డేటా, డిజైన్ల జాబితా తేదీతో సహా తయారుచేసి, ఇవి ముందే ఉన్నాయని గైడుతోనూ సంస్థతోనూ సంతకం చేయించుకోండి. ప్రాజెక్టుకు మీ ఉత్పత్తి గుండెకాయను కాకుండా దాని పక్కనున్న సమస్యను తీసుకోండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే, తెలుగు చేతిరాత రసీదులు చదవడంలో తప్పుల్ని ఎలా కొలవాలన్నది మంచి అంశం. దాని ఫలితం కంపెనీకి ఉపయోగపడుతుంది, కంపెనీ రహస్యం మాత్రం బయటపడదు. ఇక పెట్టుబడిదారులకు, సహ వ్యవస్థాపకుడికి విషయం చెప్పి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

రహస్యం మాట ఎందుకంటే, పీహెచ్‌డీ థీసిస్‌లు చాలావరకు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి వెళతాయి. అక్కడ మీ పోటీదారు కూడా చదవవచ్చు. పేటెంటు తీసుకోదగ్గది ఏదైనా ఉంటే పరిశోధనా పత్రం అచ్చు కాకముందే దరఖాస్తు చేయాలి, అచ్చయ్యాక కొత్తదనం పోయినట్టే లెక్క. పేజ్‌ర్యాంక్ పేటెంటు దరఖాస్తు 1998 జనవరిలో పడింది, వారి పత్రం సదస్సు ముందుకు వచ్చింది ఏప్రిల్‌లో. మన దగ్గర స్టార్టప్‌లకు ఆన్‌లైన్ పేటెంటు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకు 8,000. అయితే కంప్యూటరు ప్రోగ్రాముకు, అల్గారిథానికి వాటంతట వాటికి మన చట్టం పేటెంటు ఇవ్వదు. అలాంటివాటిని రహస్యంగా ఉంచుకోవడమే రక్షణ, కోడుకు కాపీరైటు ఎలాగూ ఉంటుంది.

అమెరికాలో చదువుతున్న మనవాళ్ల సంగతి?

ఎఫ్-1 వీసా మీద ఎంఎస్ చదువుతూ అక్కడే కంపెనీ పెట్టాలనుకునే తెలుగు విద్యార్థులు చాలామంది. కంపెనీని నమోదు చేయడం, వాటాలు కలిగి ఉండటం ఒక ఎత్తు. అనుమతి లేకుండా అందులో పనిచేయడం మరో ఎత్తు, జీతం తీసుకోకపోయినా అది వీసా ఉల్లంఘన కావచ్చు. చదువయ్యాక వచ్చే 12 నెలల పని అనుమతి (ఓపీటీ) కాలంలో సొంత కంపెనీలో పనిచేయవచ్చు. స్టెమ్ కోర్సు చదివినవాళ్లకు దొరికే మరో 24 నెలల పొడిగింపులో మాత్రం యజమాని, ఉద్యోగి సంబంధం స్పష్టంగా ఉండాలి, అక్కడ మీకు మీరే యజమాని అంటే కుదరదు. కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారిని, వలస చట్టం తెలిసిన లాయరును అడిగాకే అడుగు వేయండి. ఇక జార్జియా టెక్ కోర్సు వంటి ఆన్‌లైన్ డిగ్రీలతో విద్యార్థి వీసా రాదు. ఇక్కడే ఉండి కంపెనీ నడుపుకునేవాళ్లకు దానివల్ల నష్టమేమీ లేదు.

ఇంతకీ నా వల్ల అవుతుందో కాదో ఎలా తెలుస్తుంది?

8 లక్షలు కట్టకముందు వెయ్యి రూపాయలతో పరీక్షించుకోండి. ఐఐటీ అధ్యాపకులు పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్ కోర్సులు ఏటా జనవరిలోనూ జులైలోనూ మొదలవుతాయి. చదవడం ఉచితం, పరీక్ష రాయాలంటే వెయ్యి రూపాయల రుసుము. 12 వారాల కోర్సు సాధారణంగా 3 క్రెడిట్లకు సమానం. 30 గంటల కొలత ప్రకారం 90 గంటలు, వారానికి ఏడున్నర. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు. అంటే నాలుగు వారాలు వ్యాపారం మిమ్మల్ని మింగేసినా ఫర్వాలేదు.

మీ వ్యాపారానికి నిజంగా పనికొచ్చే సబ్జెక్టు ఒకటి తీసుకుని ఈ మూడు నెలలు గడపండి. ఏ వారం అసైన్‌మెంటు ఎందుకు తప్పిందో ఒక పుస్తకంలో రాసుకోండి. ఎనిమిది అసైన్‌మెంట్లు సమయానికి ఇచ్చి, పరీక్ష రాసి, ఈ మధ్యలో కంపెనీలో ఏ పనీ చెడకపోతే, సెమిస్టరుకు 10 క్రెడిట్ల కోర్సుకు మీరు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎందుకంటే దానికి కావలసింది ఇప్పుడు మీరు పెట్టినదానికి రెట్టింపు సమయం, మీ దగ్గర మిగిలే 24 గంటల్లో అది పడుతుంది. నాలుగు కన్నా ఎక్కువ వారాలు తప్పితే ముందు పనిని పంచుకునే మనిషిని వెతకండి, తర్వాతి సెషన్‌లో మళ్లీ ప్రయత్నించండి. ఈ వెయ్యి రూపాయల పరీక్ష ఏ కౌన్సెలరు చెప్పలేని నిజాన్ని చెబుతుంది. జనవరిదో జులైదో, దగ్గర్లో ఉన్న సెషన్‌కే పేరు నమోదు చేసుకోండి.